లైక్రా వేసుకుని మల్లన్న దగ్గరికి

తుక్కుగూడ దాటేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు వెనకపడ్డాక శ్రీశైలం హైవే మీద మా మూడు సైకిళ్ల లైట్లే మిగిలాయి. ముందు మా చెల్లి, మధ్యలో నేను, చివర మా ఆయన. చెల్లి అంటే మా పిన్ని కూతురు. మెడ దగ్గర్నుంచి తొడల మధ్యదాకా ఒకటే ముక్కగా కుట్టిన ట్రై సూట్ వేసుకుంది. నాది జెర్సీ, బిబ్ షార్ట్స్. మా ఆయనది కాటన్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు, కాన్వాస్ బూట్లు; ప్యాంటు అంచు చైన్లో పడకుండా కుడికాలికి ఒక రబ్బరు బ్యాండు. "మనం పోయేది మల్లన్న దగ్గరికోయ్, ఫ్రాన్సుకు కాదు" అని ముందురోజే తేల్చేశారు. హెల్మెట్లు, మెరిసే పట్టీల జాకెట్లు మాత్రం ముగ్గురికీ ఉన్నాయి. చీకట్లో వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకు కనపడేది ఆ పట్టీలే కాబట్టి ఆ విషయంలో మా ఇంట్లో వాదనల్లేవు. బ్రెవెట్లనే సుదూర సైకిలు ప్రయాణాలు నడిపే ఆడాక్స్ వాళ్లు కూడా రాత్రివేళ ఆ జాకెట్టూ, ముందూ వెనకా లైట్లూ తప్పనిసరి అంటారు.

ఈ దారిలో ఇంతదూరం రావాలన్న పట్టుదల చెల్లిది. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి పేరిచ్చింది. అది 2019లో పణజిలోని మీరామార్ బీచిలో మొదలైన పందెం. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకదాని వెనక ఒకటి. ఇలాంటి పందేన్నే ట్రయాథ్లాన్ అంటారు. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3. అదే ఆ పేరులోని అంకె. కోకాపేట వైపు ఔటర్ పక్కన సోలార్ పలకల నీడలో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తను వారం వారం తిరుగుతూనే ఉంది. కానీ నీడలో, లారీలూ కుక్కలూ లేని చోట, ఎప్పుడంటే అప్పుడు ఆగిపోగల చోట తొక్కితే బట్టల గుట్టు బయటపడదు. పోటీరోజున కొత్త వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదన్నది ట్రయాథ్లాన్ వాళ్లందరూ చెప్పే మొదటి పాఠం. అందుకే గోవాలో వేసుకోబోయే సూటూ బూట్లూ ఒక పొడుగాటి దారిలో పరీక్షించుకోవాలంది. పొడుగాటి దారి అంటే మాకు శ్రీశైలమే. సెప్టెంబరు ఆఖరు, కృష్ణకు వరద, డ్యాం గేట్లు ఎత్తారని పేపర్లో ఫొటోలు వస్తున్నాయి. నాకూ ఒక సాకు దొరికింది.

కడ్తాల్ దగ్గర తెల్లవారింది. ఆమనగల్లులో టీకి ఆగాం. హోటలామె చెల్లిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, గ్లాసులు కడుగుతూనే అడిగింది.

"ఏడికి పోతున్రు బిడ్డా?"

"శ్రీశైలం."

"సైకిల్ మీదనా? మొక్కున్నదా?"

"మొక్కేం లేదమ్మా, పోటీ ఉంది."

"గింత బిర్రుగ ఏస్కుంటే ఊపిరాడుతదా?"

చెల్లి నవ్వేసింది గానీ ఆమె అడిగింది సరైన ప్రశ్నే. సైకిలు బట్టలు బిర్రుగా ఎందుకుండాలో చాలామందికి తెలియదు. గాలికి రెపరెపలాడకుండా ఉండడం ఒక కారణం, అది వేగంగా పోయేవాళ్లకు. నాలాంటి వాళ్లకు అసలు కారణం రాపిడి. గంటకు ఏ నాలుగైదు వేలసార్లో కాలు పైకీ కిందికీ ఆడుతుంది. చర్మానికీ సీటుకూ మధ్యలో ఉన్న గుడ్డ కాస్త వదులుగా ఉన్నా ప్రతిసారీ ముడత పడుతుంది. ఆ ముడత ఒరుసుకుని ఒరుసుకుని మధ్యాహ్నానికి చర్మం ఎర్రబడుతుంది, సాయంత్రానికి మంట. గుడ్డ చర్మానికి అతుక్కుని చర్మంతో పాటు కదిలితే ఆ బాధ ఉండదు.

బిబ్ షార్ట్స్‌కు భుజాల మీదుగా పట్టీలుండడంలో కిటుకూ అదే. నడుం దగ్గర ఎలాస్టిక్ ఉంటే ముందుకు వంగినప్పుడు పొట్టలోకి దిగుతుంది, షార్ట్స్ కిందికి జారుతుంది, దాంతోపాటు లోపలి ప్యాడ్ కూడా జారుతుంది. పట్టీలు దాన్ని పట్టి ఉంచుతాయి. ఆ ప్యాడ్ ఒకప్పుడు నిజమైన షామీ తోలు. ఉతికి ఆరేస్తే అప్పడంలా బిగుసుకుపోయేదట. మళ్లీ మెత్తబడడానికి ఏదో ఒక లేపనం రాసేవాళ్లు. తోలు పోయి ఫోమ్ వచ్చినా లేపనం మిగిలింది, ఇప్పుడది చర్మానికి రాస్తాం. దాని ఖరీదు చూసినప్పుడల్లా మా ఆయన కొబ్బరినూనె సీసా చూపిస్తారు. నేను వాడేది కూడా కొబ్బరినూనే.

ప్యాడ్ ఎంత మందంగా ఉంటే అంత సుఖం అనుకుని దుకాణంలో బొటనవేలితో నొక్కి చూస్తారు. నొక్కితే ఏమీ తెలియదు. సీటు మీద మన బరువు ఆనేది కటి కింద ఉండే రెండు ఎముకల కొనల మీద. ఆ రెండు చోట్లా గట్టి ఫోమూ, మిగతా చోట పల్చనా ఉన్నదే మంచి ప్యాడ్. అంతా ఒకే మెత్తదనం ఉన్నది గంటలోపు అణిగిపోతుంది. ఆడవాళ్లకు ఆ కొనల మధ్య దూరం మామూలుగా ఎక్కువ ఉంటుంది కాబట్టి మగవాళ్ల షార్ట్స్‌లో చిన్న సైజు ఏరుకుంటే కుదరదు. ఇంకొకటి, దాని లోపల మరే గుడ్డా వేసుకోకూడదు. లోదుస్తుల అంచు కుట్లే సగం పుండ్లకు కారణం. ఈ మాట చెప్పడానికి అమ్మే అబ్బాయి సిగ్గుపడతాడు, అడగడానికి కొనే అమ్మాయి సిగ్గుపడుతుంది. కొత్తగా సైకిలెక్కిన ఆడవాళ్లు సీటు మీద కోపంతో సీటు మార్చేస్తూ పోతారు. కొందరు సైకిలే అమ్మేస్తారు.

పట్టీల వల్ల ఆడవాళ్లకు వచ్చే చిక్కు మగవాళ్లకు తట్టదు. దారిలో పని పడితే ముందు జెర్సీ విప్పాలి, తర్వాత పట్టీలు దించాలి. కంది చేను వెనక అంత కార్యక్రమం ఎవరు చేస్తారు? ఇప్పుడు వీపు దగ్గర క్లిప్ ఊడే రకాలూ, వెనకభాగం సాగి కిందికి వచ్చే రకాలూ ఉన్నాయి. నాది క్లిప్ రకం, జెర్సీ విప్పకుండానే చేత్తో తడిమి ఊడదీయొచ్చు. కొనేటప్పుడు ట్రయల్ రూంలో చేతులు వెనక్కి పెట్టి అది అందుతుందో లేదో చూసుకోవాలి. నీళ్లు తాగకుండా ఓర్చుకుని తొక్కే ఆడవాళ్లను చూశాను. అది ఎండలో ప్రమాదం.

ట్రయల్ రూం అన్నాను కాబట్టి జెర్సీ సంగతీ అక్కడే. నిలబడి అద్దంలో చూసుకుంటే ముందు కురచగా, వెనక పొడుగ్గా, కుట్టినవాడికి కొలతలు తెలియనట్టు కనిపిస్తుంది. హ్యాండిల్ పట్టుకున్నట్టు నడుం వంచితే అన్నీ సర్దుకుంటాయి. వంగకుండా జెర్సీ కొనకూడదు. వెనక మూడు జేబులుంటాయి. మధ్యలో రెయిన్ జాకెట్, కుడివైపు తిండి, ఎడమవైపు ఫోను, డబ్బులు. ఆ జేబుల్లో బరువు పెట్టినప్పుడు జెర్సీ వీపు మీంచి వేలాడితే అది ఒక సైజు పెద్దదని అర్థం.

డిండి జలాశయం గట్టు చేరేసరికి ఎండ చురుక్కుమంది. నేను చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని వాటి మీద సీసాతో నీళ్లు పోసుకున్నాను. తడి ఆరేకొద్దీ చల్లగా ఉంటుంది, చర్మం నల్లబడదు. తక్కువ డబ్బుతో ఇంత మేలు చేసే వస్తువు సైకిలు సామానులో మరొకటి లేదని నా అభిప్రాయం. మా ఆయన టవలు తడిపి మెడలో వేసుకున్నారు. అదీ పనిచేసింది.

చెల్లి అప్పటిదాకా మా ఇద్దరికీ అందనంత ముందు పోయి, ఆగి, మళ్లీ పోతూ ఉంది. హాజీపూర్ దాటాక ఆ ఆగడం ఎక్కువైంది. సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతోంది. దగ్గరికి వెళ్తే, "ఏం లేదక్కా" అంది. కాసేపయ్యాక, "ఈ సూట్ ఇంత దూరానికి చాలదని నువ్వు చెప్పిందే నిజమక్కా" అంది.

వంద కిలోమీటర్లు దాటాం. ట్రై సూట్‌లో ప్యాడ్ ఉంటుంది గానీ పల్చటి పొర మాత్రమే. అది అలా ఉండాల్సిందే. ఆ బట్టతోనే సముద్రంలోంచి పైకి రావాలి. మందపాటి ప్యాడ్ ఉంటే నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, తర్వాత పరుగులో రెండు తొడల మధ్య అడ్డం పడుతుంది. ఒకటే ముక్కగా కుట్టడమూ అందుకే. నీళ్లలో పైభాగం పైకి లేవదు, తడి ఒంటి మీద కొత్త బట్ట ఎక్కించే పెనుగులాట ఉండదు. ఈతకూ సైకిలుకూ మధ్య, సైకిలుకూ పరుగుకూ మధ్య బట్టలూ బూట్లూ మార్చుకునే చోటును ట్రాన్సిషన్ అంటారు. అక్కడ పోయే ప్రతి నిమిషమూ పోటీ సమయంలోనే లెక్క. ట్రై సూట్ పుట్టిందే ఆ నిమిషాలు మిగల్చడానికి. తొంభై కిలోమీటర్లకు అది చాలు. రెండు వందలకు చాలదు.

సైకిలు బట్టలు ఏవి కొనాలని అడిగేవాళ్లను నేను ఎదురు అడిగేది ఒకటే: దిగాక ఏం చేస్తారు? దిగి పరుగెత్తేవాళ్లకు ఒక రకం, దిగి టీ తాగి మళ్లీ ఎక్కేవాళ్లకు ఒక రకం, దిగి ఆఫీసుకు పోయేవాళ్లకు మరో రకం. ఏ బ్రాండు, ఎంత ఖరీదు అన్నవి దాని తర్వాత. చెల్లి సూట్ నా షార్ట్స్‌కు నాలుగింతల ఖరీదు. ఆ మధ్యాహ్నం హాజీపూర్ రోడ్డు మీద ఆ నాలుగింతలకూ విలువ లేదు.

మన్ననూరు ఘాట్ ఎక్కుతుంటే వాన మొదలైంది. సన్నగా మొదలై, చెక్‌పోస్టు చేరేసరికి దంచింది. అక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను లోపలికి వదలరు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్లొద్దని అక్కడి సిబ్బంది చెప్పారు. మా సీసాలు సైకిలువే కాబట్టి పేచీ లేదు. సిబ్బందిలో ఒకతను చెల్లి నడక చూసి, "కాలు బెణికిందా మేడం?" అని అడిగాడు. బెణకలేదు, ఆ బూట్లతో నడిస్తే ఎవరైనా అలాగే నడుస్తారు.

బూట్ల గురించి చెప్పాలంటే పెడల్ దగ్గర మొదలుపెట్టాలి. లుక్ అనే ఫ్రెంచి కంపెనీ మంచు మీద జారే స్కీలకు బూట్లు బిగించే కొక్కేలు చేసేది. ఆ తంత్రాన్నే 1984లో సైకిలు పెడల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో ఆ పెడల్స్‌తో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాక పాత తోలుపట్టీల కాలం ముగిసింది. బూటు అడుగున క్లీట్ అనే బిళ్ల ఉంటుంది. పెడల్ మీద అదిమితే టక్కున బిగుస్తుంది, మడమ పక్కకు తిప్పితే ఊడుతుంది. రోడ్డు రేసుల రకానికి మూడు మరలు, అడుగున పెద్ద బిళ్ల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. షిమానో వాళ్లు 1990లో తెచ్చిన ఎస్పీడీ రకానికి రెండు మరలు, చిన్న బిళ్ల రబ్బరు అడుగులోకి దిగి ఉంటుంది. మొదటిదానికి పెడల్ మీద పట్టు విశాలం. రెండోదానితో మనిషిలా నడవొచ్చు. నావి రెండో రకం. హోటళ్లూ మెట్లూ చెక్‌పోస్టులూ ఉన్న దారికి వేరే రకం వేసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

చెల్లివి మొదటి రకం, అందులోనూ ట్రయాథ్లాన్ బూట్లు. లేసులుండవు, వెడల్పాటి వెల్‌క్రో పట్టీ ఒకటి. మడమ వెనక వేలుపెట్టి లాగే రింగు. లోపల కుట్లు తగలకుండా నున్నగా ఉంటుంది, ఎందుకంటే మేజోళ్లు లేకుండా తడి పాదంతో దూర్చాలి. బూట్లను ముందే పెడల్స్‌కు బిగించి ఉంచుతారు. అవి వేలాడి నేలకు తగలకుండా సన్న రబ్బరు బ్యాండ్లతో సైకిలుకు కడతారు. పోటీదారు వట్టికాళ్లతో సైకిలు నడిపించుకుంటూ పరిగెత్తి, ఎక్కి, తొక్కడం మొదలుపెడితే రబ్బర్లు తెగిపోతాయి, నాలుగు తొక్కుళ్లయ్యాక పాదం లోపలికి పోతుంది. చూడ్డానికి సర్కస్. ఆ విద్య చెల్లి అపార్టుమెంటు సెల్లార్లో నేర్చుకుంది, వాచ్‌మన్ సాక్షిగా.

క్లీట్ రంగు మీద కూడా జాగ్రత్త కావాలి. షిమానో రోడ్డు క్లీట్లలో పసుపుది పాదాన్ని ఆరు డిగ్రీలు అటూ ఇటూ ఆడనిస్తుంది, నీలంది రెండు డిగ్రీలు, ఎరుపుది అసలు కదలనివ్వదు. ఎరుపు చూడ్డానికి బాగుంటుందని కొని మోకాలు నొప్పులు తెచ్చుకున్నవాళ్లున్నారు. మన మోకాలు ఏ కోణంలో తిరగాలనుకుంటుందో తెలిసేదాకా పసుపే మంచిది. బూట్లు సాయంత్రం పూట కొనాలి. పాదాలు పగలంతా ఉబ్బి ఉంటాయి, ఎండలో తొక్కినప్పుడూ అంతే ఉబ్బుతాయి. యూరపు కంపెనీల బూట్లు చాలామటుకు సన్నటి పాదాలకు చేసినవి. చెప్పులతో పెరిగిన మన పాదాలకు వేళ్ల దగ్గర చోటు కావాలి. వెడల్పు రకం ఉందా అని అడగాలి, పెద్ద సైజుతో సరిపెట్టుకుంటే మడమ జారుతుంది.

మన్ననూరులో మేం అన్నం తిన్న హోటలు యజమానురాలు సంగతి అడక్కుండానే గ్రహించింది. "లోపలికి రా బిడ్డా, ఇల్లున్నది" అని చెల్లిని తీసుకెళ్లింది. మర్నాటికని తెచ్చుకున్న నా రెండో జత షార్ట్స్, జెర్సీ, కొబ్బరినూనె డబ్బీ ఇచ్చి పంపాను. పది నిమిషాల్లో బయటికొచ్చింది. "ముందే ఇవ్వొచ్చు కదక్కా" అంది. ముందే ఇస్తే పరీక్ష ఏమయ్యేది? తొంభై దాకా బాగానే ఉంది, తర్వాతే మంట అని తేలింది. గోవాకు కావలసిన జవాబు దొరికినట్టే.

వాన తగ్గలేదు. రెయిన్ జాకెట్లు రెండు రకాలు. చుక్క నీరు లోపలికి రానిదీ, కొంచెం వచ్చినా చెమటను బయటికి పోనిచ్చేదీ. మన వానల్లో మొదటిది వేసుకుని ఎక్కుడు ఎక్కితే లోపలినుంచే తడుస్తాం. నేను ఎక్కేటప్పుడు విప్పేసి, దిగేటప్పుడు వేసుకుంటాను. వేడి వానకు తడిసినా బాధలేదు, తడిసిన ఒంటికి గాలి తగిలితేనే బాధ. హెల్మెట్ కింద ముందు చిన్న అంచు ఉన్న పల్చటి గుడ్డ టోపీ ఒకటి పెట్టుకుంటే కళ్లద్దాల మీద చినుకులు పడవు. కళ్లద్దాలు కూడా నల్లవి కాకుండా, వెలుగును బట్టి రంగు మారేవి కావాలి. నల్లమలలో చెట్లు కమ్ముకున్న చోట మధ్యాహ్నం రెండింటికే సాయంత్రంలా ఉంటుంది.

అడవిలోకి పోయాక వాన వెలిసింది. ఆకులన్నీ కడిగినట్టున్నాయి, రోడ్డంతా ఆవిరి. ఫర్హాబాద్ దాటి వటవర్లపల్లి వైపు పోయే ఆ దారి సైకిలు తొక్కేవాళ్లకు తెలుగు నేల మీద దొరికే మంచి దారుల్లో ఒకటి. వేగ నిరోధకాలు ఎక్కువ, అవి జంతువుల కోసం, ఓర్చుకోవాలి. కోతుల గుంపులు మాత్రం కార్లలోంచి జనం విసిరే తిండికి అలవాటుపడి రోడ్డు మీదే కాపురం పెట్టాయి. నీళ్లు తాగడానికి ఆగితే ఒకటి వెనకనుంచి వచ్చి నా కుడి జేబులోంచి అరటిపండు లాక్కుపోయింది. జెర్సీ జేబులకు జిప్ ఎందుకని విసుక్కునేదాన్ని. కోతులున్న దారిలో పండ్లు సైకిలు సంచిలో ఉండాలి.

దోమలపెంట తర్వాత రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణ దగ్గరికి దిగిపోతుంది. తడి రోడ్డు, లోయ, ఎదురుగా వంకర్లలో బస్సులు. ఇక్కడ గ్లౌజుల విలువ తెలుస్తుంది. అరచేతి కింద మెత్తటి దిండు ఉండబట్టే చిటికెన వేలు వైపు పోయే నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. అది లేకుండా పొద్దుటినుంచీ హ్యాండిల్ మీద ఆనితే ఈపాటికి వేళ్లు మొద్దుబారి బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియకుండా పోతుంది. పడితే ముందు నేలకు తగిలేదీ అరచేతులే. హెల్మెట్ మాట చెప్పనక్కర్లేదు అనుకుంటాం గానీ, వృత్తి సైకిలిస్టులకే 2003 దాకా అది ఐచ్ఛికం. ఆ మార్చిలో పారిస్–నీస్ పందెంలో ఆంద్రే కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి చనిపోయాకే నిబంధన వచ్చింది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 గుర్తు ఉన్నదైతే రెండు వేలదైనా ఇరవై వేలదైనా ఒకే పరీక్ష దాటినవే. ఎక్కువ డబ్బు బరువు తగ్గడానికీ గాలి రంధ్రాలకీ. కనుబొమల మీద రెండు వేళ్ల ఎడంలో కూర్చోవాలి. నుదురంతా బయటపెట్టి వెనక్కి వాల్చుకుంటే ఎంత ఖరీదైనదైనా దండగ.

ఆ దిగుడులో మా ఆయన కాటన్ టీషర్టు అసలు రంగు బయటపెట్టింది. పొద్దున చెమటా, మధ్యాహ్నం వానా అన్నీ అందులోనే ఉన్నాయి. గాలి కొడుతుంటే పళ్లు కటకటలాడాయి. ఒక మలుపులో ఆగి, బిస్కెట్ల బండి దగ్గర పాత ఈనాడు అడిగి తీసుకుని టీషర్టు లోపల ఛాతీకి అడ్డం పెట్టించాను. ఆల్ప్స్ పర్వతాల మీంచి దిగే రేసర్లు దశాబ్దాలుగా చేసే పని అది. "చూశావా, ఫ్రాన్సు పద్ధతే" అన్నారాయన, జిల్లా పేజీ గుండెల మీద సర్దుకుంటూ.

డ్యాం కనిపించే మలుపు దగ్గర కార్లు బారులు తీరాయి. పన్నెండు గేట్లలో కొన్ని ఎత్తారు. కిందికి దూకిన నీళ్లు తిరిగి పొగలా లేచి రోడ్డు మీదికి వస్తున్నాయి. చూడ్డానికి గోడ దగ్గరికి పోవాలంటే తడిసిన రాళ్ల మీద నడవాలి. మా ఆయన కాన్వాస్ బూట్లతో చకచకా పోయి మంచి చోటు పట్టుకున్నారు. నేను వెనకాలే వెళ్లాను. చెల్లి ప్లాస్టిక్ బిళ్లల మీద రెండడుగులు జారి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని వచ్చింది. మామూలు బట్టలూ బూట్లూ చాలన్న ఆయన వాదంలో నిజం ఉందనిపించేది ఇలాంటి చోటే. మామూలు పెడల్స్, మామూలు బూట్లతో ఆయన మాతో పాటే వచ్చారు. ఎక్కుడులో వెనకబడ్డారు గానీ ఎక్కడా ఇబ్బంది పడలేదు. సైకిలు కొన్న కొత్తలో క్లీట్ల మీద డబ్బు పెట్టొద్దని, ముందు ఒక మంచి షార్ట్స్ కొనమని నేను చెప్పేది అందుకే. ఆయనకు అదీ అక్కర్లేదంటే మాత్రం నమ్మను. రాత్రి లాడ్జిలో కుర్చీ అంచున కూర్చుని భోంచేశారు.

వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. సున్నిపెంట ఎక్కుడు ఆ రోజుకు ఆఖరి పరీక్ష. చీకటి పడేలోపు శ్రీశైలం చేరాం.

నా రెండో జత చెల్లి ఒంటి మీద పోయింది కాబట్టి వేసుకున్నదే రాత్రికి ఉతకాలి. ప్యాడ్ ఉన్న గుడ్డను తిరగేసి, చల్లటి నీళ్లలో మామూలు సబ్బుతో చేత్తో ఉతకాలి. మెత్తదనం కోసం కలిపే ద్రవాలు వాడితే గుడ్డ రంధ్రాలు పూడుకుపోయి చెమట పీల్చడం మానేస్తుంది. పిండకూడదు, ఫోమ్ చిరుగుతుంది. పొడి టవల్లో చుట్టి, ఆ చుట్ట మీద నిలబడి తొక్కితే నీళ్లన్నీ టవలుకు పోతాయి. ఫ్యాన్ కింద వేస్తే తెల్లారేసరికి ఆరింది. పక్కనే వేలాడదీసిన కాటన్ టీషర్టు అలాగే ఉంది.

మల్లన్న గుడిలో ఇవేవీ చెల్లవు. స్పర్శ దర్శనానికి మగవాళ్లు పంచె కట్టాలి, ఆడవాళ్లకు చీర గానీ, చున్నీ ఉన్న చూడీదార్ గానీ. నేను సీటు వెనక సంచిలో ఒక పాత మంగళగిరి చీర చుట్టి తెచ్చుకున్నాను. మా ఆయన ముందురోజు మెడలో వేసుకున్న తువ్వాలు భుజాన వేసుకుని, సంచిలోంచి పంచె తీశారు. చెల్లి దగ్గర ఉన్నదల్లా ట్రై సూట్, నా షార్ట్స్, జెర్సీ, ఒక నిక్కరు. పొద్దున్నే గుడి వీధిలో కొట్టు తెరిపించి చూడీదార్ కొనాల్సి వచ్చింది. బిళ్లల బూట్లతో టకటకా నడుచుకుంటూ పోయి, బేరమాడి, ప్యాంటు వదులుగా ఉందని వేరేది మార్పించింది. "లూజుగా ఉంటే ఏమైతదమ్మా, గుడికే కదా" అన్నాడు కొట్టతను. చెప్పుల స్టాండులో మా బూట్లు తీసుకున్న కుర్రాడు క్లీట్ తిప్పి తిప్పి చూసి, ఇవి గుర్రపు నాడాలా అని అడిగాడు. టోకెన్ ఇచ్చాడు గానీ వాటిని అందరివాటితో కలపకుండా విడిగా, తన స్టూలు పక్కన పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణం మన్ననూరు దాకా సైకిళ్ల మీద, అక్కణ్నుంచి కూరగాయల టాటా ఏస్‌లో. చెప్పుకునేదేం లేదు.

గోవా పందెం రోజు మధ్యాహ్నం చెల్లి ఫోన్ చేసింది. సముద్రం వెచ్చగా ఉందట, ఈతలో కష్టం లేదట. ట్రాన్సిషన్లో హెల్మెట్ బకిల్ పెట్టుకోకముందే సైకిలు మీద చెయ్యి వెయ్యబోతే పక్కనున్నావిడ అరిచి ఆపిందట. అది నిబంధన, పెట్టుకోకుండా సైకిలు కదిపితే శిక్ష పడుతుంది. నంబరు బెల్టు సైకిలు మీద వెనక్కి, పరుగులో ముందుకి తిప్పుకోవడం మర్చిపోలేదు. సాగే లేసుల వల్ల పరుగు బూట్లు క్షణంలో ఎక్కాయి. తొంభై కిలోమీటర్లు సూట్ పేచీ పెట్టలేదు, దిగి పరుగెత్తుతుంటే ఒంటి మీద ఉన్నట్టే తెలియలేదట.

"నా షార్ట్స్ ఎప్పుడు ఇస్తావే?" అన్నాను.

"ఇంక గోవా అయిపోయింది కదక్కా, బ్రెవెట్లు మొదలుపెడదామనుకుంటున్నా. నువ్వు కొత్తవి కొనుక్కో."